మునిరత్నమేనా అని అడిగితే

ఇప్పుడు నా తల కుదురుగానే ఉంది. ఈ మాట ముందే చెప్పుకోవడానికి కారణముంది. ఇక్కడ రాసేదాంట్లో కొంత నేను చూసింది, కొంత నా భార్య సుగుణ చెప్పింది, ఇంకొంత జరిగిందో లేదో చాలా రోజులు నాకే తెలియనిది. వేటిని వేటి పక్కన పెట్టాలో తేలక మూడు నాలుగు సార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఎవరికైనా పనికొస్తుందని సుగుణ అంటే మళ్లీ కూర్చున్నాను.

ఏప్రిల్

నా పేరు మునిరత్నం. రేణిగుంట దగ్గర ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్‌ని. ఏ లారీ ఏ గేటుకు రావాలో, ఏ సరుకు దేంట్లోకి ఎక్కాలో చెప్పడం నా పని. పుట్టింది సత్యవేడు పక్క పల్లెలో. పెళ్లయినప్పటి నుంచి కాపురం రేణిగుంటలోనే.

ఆ నెల ఎండలు ముదిరాయి. రేకుల కప్పు కింద పొద్దున పదికే చొక్కా తడిసి ఒంటికి అంటుకునేది. అంతకు కొన్నాళ్ల ముందే మా వీధి డాక్టరు బీపీకి కొత్త మాత్ర రాశాడు. అన్నం సయించేది కాదు. ఎండకు మంచిదని సీసాల మీద సీసాలు నీళ్లు తాగేవాణ్ని. తిన్న కొంచెమూ వాంతి అయ్యేది. ఇవన్నీ ఎండ వల్లే అనుకున్నాను. ఎండాకాలంలో మా వైపు ప్రతి జబ్బుకీ అదే పేరు.

ఒకరోజు చెన్నైకి పోవలసిన సరుకును బెంగళూరు లారీలోకి ఎక్కించాను. ఎక్కించలేదని వాదించాను కూడా. అందరూ నన్ను వింతగా చూశారు. వాళ్లకు ఏమైందా అని నేను వాళ్లను వింతగా చూశాను.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని, "అమ్మ తినిందా?" అని అడిగానట.

సుగుణ గిన్నె కింద పెట్టి, నా ముఖం దగ్గరకు వచ్చి వాసన చూసింది.

"తాగొచ్చినావా?"

"ల్యా. నేనెందుకు తాగుతాను మే?"

"మరి అమ్మంటావేంది? అమ్మ పోయి ఎన్నేండ్లయిందో మర్సిపోయినావా?"

నేను గ్లాసు కూడా ముట్టనివాణ్ని. అయినా ఆమెకు ఇంకో కారణం తోచలేదు. వాళ్ల నాయన తాగుడు చూస్తూ పెరిగిన మనిషి. మాట తడబడినా, అడుగు తడబడినా ఆమెకు ముందు గుర్తొచ్చేది అదే. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, ఎందుకు మాట్లాడటం లేదో తెలియక. మూడో పొద్దు చొక్కాకు గుండీలు పెట్టుకోలేక పోయాను. వేళ్లకు గుండీ అందుతోంది, దాన్ని ఏం చేయాలో తెలియడం లేదు. గడప దాటుతూ పడిపోయాను.

ఇది చదివేవాళ్లకు ఒక్క మాట. ఇంట్లో మనిషి ఉన్నట్టుండి తిక్కతిక్కగా మాట్లాడితే ముందు ఆసుపత్రికి తీసుకుపోండి. అనుమానాలూ కోపాలూ తర్వాత చూసుకోవచ్చు.

మే మొదటి రోజులు

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. పేరు రాయను. రక్తం పరీక్ష చూసిన డాక్టరు, ఒంట్లో సోడియం బాగా పడిపోయిందని, అంటే ఉప్పు తగ్గిపోయిందని చెప్పాడు.

సుగుణకు ఏడుపు ఆగిపోయిందట. "ఉప్పు తక్కువైతే మనిషి ఇట్లయిపోతాడా సార్? కూరలో ఇంకొంచెం ఏసుంటే సరిపోయేదా?"

ఆయన నవ్వలేదు. అది వంటింటి సంగతి కాదని, మాత్రా ఎండా వాంతులూ మితిమీరిన నీళ్లూ కలిసి ఇలా చేశాయని, గబగబా పెంచితే మెదడుకు ప్రమాదం కాబట్టి నిదానంగా పెంచుతామని కూర్చుని చెప్పాడు. "ఆయనకు నీళ్లు కొలిచి ఇవ్వాలమ్మా. అడిగినా ఇవ్వకండి" అన్నాడు. ఆ మండుటెండల్లో మొగుడికి నీళ్లివ్వకుండా కాపలా కాయడం సుగుణ పని అయింది. నేను ఆమెను ఏమేమి తిట్టానో ఆమె ఇంతవరకూ చెప్పలేదు. అడిగితే, "ఉప్పు తిట్టింది, నువ్వు కాదులే" అంటుంది.

వార్డులో కొత్త పెయింటు వాసన. అది నిజమే, నా తల పుట్టించింది కాదు. ఆ ఆసుపత్రికి నాణ్యత గుర్తింపు రావలసి ఉందట. దానికోసం బయటి నుంచి పరిశీలకులు వచ్చి చూస్తారట. గోడల మీద ఎవరో నిచ్చెన వేసుకుని "రోగి హక్కులు" అని రాస్తున్నారు. ఆ అక్షరాలు జారి నా దుప్పటి మీద పడుతున్నట్టు ఉండేది, చేత్తో దులిపేవాణ్ని. నర్సులు నడుస్తూ నడుస్తూ ఏవో వల్లె వేసేవాళ్లు. చేతులు ఎలా కడగాలి, మంటలు లేస్తే ఎవరు ఎటు పరుగెత్తాలి. ఒక మధ్యాహ్నం పెద్ద గంట మోగింది. అందరూ పరుగులు. సుగుణ నన్ను మంచం మీద నుంచి సగం లాగేసింది. అప్పుడొక నర్సు వచ్చి, "బయపడొద్దక్కా, మాక్ డ్రిల్లు. ఉత్తుత్తిదే" అంది.

"చెప్పి మోగిస్తే ఏం పాయె?" అంది సుగుణ, నన్ను మళ్లీ పడుకోబెడుతూ.

ఆ నర్సు పేరు హేమ. పుంగనూరు పిల్ల. ఆ రోజు నుంచి ఏది జరిగినా సుగుణ ముందు ఆమెను అడిగేది, "ఇది నిజమా, ఉత్తుత్తిదా?" అని. హేమ నవ్వేది. నాకు మాత్రం ఆ ప్రశ్న నవ్వులాట కాదు. నా చుట్టూ జరిగే ప్రతిదాన్నీ నేను అదే అడుగుతున్నాను, ఎవరికీ వినపడకుండా.

మా మంచానికి కొంచెం అవతల ఇంకొక మునిరత్నం ఉన్నాడు. చంద్రగిరి మనిషి, నా ఈడే. లివరు చెడి కడుపులో నీళ్లు చేరాయి. మా జిల్లాలో ఏ వీధిలో మునిరత్నం అని పిలిచినా ఒకరైనా తిరిగి చూస్తారు కాబట్టి అదేమీ వింత కాదు. ఆయన భార్య రాజమ్మ, సుగుణ స్నేహం చేసుకున్నారు. ఇద్దరూ ఒక రాగిసంగటి డబ్బా పంచుకునేవాళ్లు.

"మా ఆయనకు కడుపునిండా నీళ్లే. మీ ఆయనేమో నీళ్లు నీళ్లని అరస్తా ఉండాడు. ఆ దేముడు ఈ ఇద్దర్నీ కలిపి పంచుంటే బాగుండు" అందట రాజమ్మ. ఆసుపత్రికి వచ్చాక సుగుణ నవ్వడం అదే మొదలట.

ఒక మధ్యాహ్నం

ఇప్పుడు రాసేది నాకు గుర్తున్నట్టుగా రాస్తాను.

సుగుణ మందులకోసం కిందికి వెళ్లింది. ఒకతను చక్రాల కుర్చీ తెచ్చాడు. "మునిరత్నమేనా?" అన్నాడు. "ఆ" అన్నాను. ఆ రోజుల్లో ఎవరు ఏమడిగినా "ఆ" అనేవాణ్ని. అన్నం తిన్నావా అంటే ఆ, తినలేదా అంటే ఆ. చేతికి కట్టిన పేరు పట్టీని అంతకు ముందే పీకి పారేశానట. కుర్చీలో కూర్చోబెట్టాడు. పైన దీపాలు ఒకటొకటిగా వెనక్కి పోయాయి.

చల్లటి గది. బల్ల మీద పడుకోబెట్టారు. చొక్కా పైకి జరిపి కడుపు మీద ఏదో తడి రాశారు, చల్లగా. ముఖానికి గుడ్డ కట్టుకున్న ఒక ఆడమనిషి నా మీదికి వంగి నా కడుపును చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

"అన్నా, నీ పేరేంది?"

"ఆ."

"ఆ కాదన్నా. నీ పేరు నువ్వే సెప్పు. మీ నాయన పేరేంది?"

నాయన అనే మాట ఒక్కటే నాకు వినిపించింది. చనిపోయిన మా నాయన వచ్చాడనుకున్నాను, సత్యవేడు నుంచి బస్సెక్కి. "చెంగయ్య" అన్నాను. "నాయన యాడుండాడు?" అని ఏడ్చాను.

అప్పుడు ఆమె అవతల ఎవరితోనో గట్టిగా అంది. "వద్దు, వద్దు. ఈయన కాదు."

దాని తర్వాత మళ్లీ మా వార్డు పైకప్పు.

ఆ రెండు మాటలు నన్ను పట్టుకున్నాయి. ఈయన కాదు. నేను నేను కాదని ఎవరో కనిపెట్టేశారని నాకు అర్థమైంది. మరి నేనెవర్ని? మునిరత్నం వేరే ఎక్కడో ఉన్నాడు, నేను అతని మంచం మీద, అతని పెళ్లాం పక్కన పడుకున్నాను. సుగుణ చెయ్యి పట్టుకోబోతే లాక్కునేవాణ్ని. పరాయి ఆడమనిషిని తాకకూడదు కదా. ఆమెకు అది ఎంత కష్టం కలిగించిందో నాకు తర్వాత తెలిసింది. నీళ్లివ్వలేదని పగ పట్టాననుకుందట.

ఇక సుగుణ చెప్పింది. ఆమె పైకి వచ్చేసరికి మంచం ఖాళీ. ఒకరు స్కానింగ్ అన్నారు, ఒకరు తెలీదన్నారు. వరండాలో అటూ ఇటూ పరుగెత్తింది. నేను కుర్చీలో తిరిగొస్తున్నాను, కడుపు మీద ఎర్రటి మందు మరకతో. "ఏం చేసినారు ఈయనకు?" అని అరిచింది. నాణ్యత విభాగం చూసే మేడం గబగబా వచ్చి, "ఏం లేదమ్మా. ఇన్‌స్పెక్షన్ కోసం రిహార్సల్. పేషెంటును ఎలా తీసుకెళ్లాలి, ఎలా తీసుకురావాలి అని చూసుకున్నాం" అందట. గంట మోగడం ఉత్తుత్తిదే అయినప్పుడు ఇదీ ఉత్తుత్తిదే అయి ఉంటుందని సుగుణ నమ్మింది. తువ్వాలు తడిపి మరక తుడిచేసింది.

తెలివి తిరిగిన రోజులు

తెలివి ఒక్కసారిగా రాలేదు. మొదట రంగులు నిలబడ్డాయి. తర్వాత గోడమీది అక్షరాలు గోడమీదే ఉండిపోయాయి. ఒక పొద్దున సుగుణను చూసి, "మే, పాప పరీక్షలు అయిపోయినాయా?" అని అడిగాను. మా అమ్మాయి ఇంటర్ సప్లిమెంటరీ కోసం మా వదిన ఇంట్లో ఉండి చదువుకుంటోంది. సరైన ప్రశ్న సరైన మనిషిని అడిగానని సుగుణ వరండాలోకి పోయి ఏడ్చి వచ్చింది.

కానీ తెలివి వచ్చాక ఇబ్బంది ఎక్కువైంది. జరిగినవాటిని ఒక్కొక్కటిగా సుగుణ ముందు పెట్టేవాణ్ని. అక్షరాలు రాలడం? లేదు. గంట మోగడం? మోగింది. నాయన రావడం? లేదప్పా. చల్లటి గది? అక్కడ ఆమె ఆగేది. "రిహార్సలంట" అనేది.

"రిహార్సలుకు కడుపుమీద మందెందుకు పూసినారు?"

"నాకేం తెలుసు? వాళ్లట్ల చెప్పినారు."

హేమ సెలైన్ మార్చడానికి వచ్చినప్పుడు, ఆ గొంతు గుర్తుపట్టి అడిగాను. "ఏమ్మా, ఆ పొద్దు గదిలో నాయన పేరు అడిగింది నువ్వేనా?"

ఆమె చేతులు ఆగాయి. "నువ్వు రెస్టు తీస్కో అన్నా" అని, నా వైపు చూడకుండా వెళ్లిపోయింది.

నాకు మళ్లీ భయం పుట్టింది. ఇది జరగకపోతే నా తల ఇంకా బాగుపడలేదన్నట్టు. జరిగితే వీళ్లందరూ అబద్ధం చెబుతున్నట్టు. రెండింటిలో ఏది నయమో తేల్చుకోలేకపోయాను. ఒక్కోసారి తల బాగుపడలేదనే అనుకుందాం అనిపించేది. ఎందుకంటే వాళ్లు మంచివాళ్లు. నా గడ్డం గీశారు. నేను ఉమ్మితే తుడుచుకుని మళ్లీ వచ్చారు.

పరిశీలకులు రావడానికి ముందురోజు నాణ్యత మేడం మంచం మంచానికీ తిరిగింది. "రేపు పెద్దవాళ్లు వస్తారు. మందు ఇచ్చేముందు పేరు అడుగుతున్నారా అంటే అడుగుతున్నారని చెప్పండి. హక్కులు చెప్పారా అంటే చెప్పారని" అంది. మా గోడౌన్‌కు ఆడిట్ వచ్చినప్పుడు నేనూ హమాలీలకు ఇలాగే నేర్పించేవాణ్ని. అందుకే ఆమె మీద కోపం రాలేదు. ఆమె కళ్ల కింద నల్లగా ఉంది, నిద్ర లేనట్టుంది.

ఆమె వెళ్లాక సుగుణ, "ఏం మాట్లాడొద్దయ్యా. ప్రాణం నిలబెట్టినారు. వాళ్లకేమన్నా అయితే పాపం మనకే" అంది. ఆమె అన్నదీ నిజమే.

అవతల మంచం దగ్గర రాజమ్మ మొగుడి వీపు నిమురుతోంది. ఆయనకు కడుపులో నీళ్లు తీయవలసింది ఒకరోజు ఆలస్యమైందని, ఆ రాత్రంతా పడుకోలేక కూర్చునే ఉన్నాడని, ఎందుకు వాయిదా వేశారో ఎవరూ చెప్పలేదని ఆమె సుగుణతో అనగా విన్నాను. ఏ రోజు అని అడిగాను. ఆమె చెప్పింది. నన్ను కుర్చీలో తీసుకెళ్లిన రోజే.

పరిశీలకులు వచ్చిన రోజు

ముగ్గురు వచ్చారు. మా మంచం దగ్గరకు వచ్చింది తలనెరిసిన ఒక డాక్టరమ్మ. తమిళం పలికే నోటితో తెలుగు మాట్లాడింది. వెనక నాణ్యత మేడం, నన్ను చూసే డాక్టరు, ఆ వార్డు నర్సుగా హేమ.

"ఎట్లా ఉన్నారు అయ్యా?"

"బాగుండాను మేడం."

"మందు ఇచ్చే ముందు మీ పేరు అడుగుతారా?"

"అడగతారు."

"ఎట్లా అడుగుతారు?"

సుగుణ నా దుప్పటి అంచు పట్టుకుని లాగింది. నేను హేమ వైపు చూశాను. ఆమె నేల చూస్తోంది. నోటిదాకా వచ్చిన "బాగా అడగతారు" అనే మాట అక్కడే నిలిచిపోయింది.

"మేడం, నాకు ఉప్పు తగ్గి మతి పోయిండె. అందుకని నేను చెప్పేది నిజమో కాదో నాకే తెలీదు. ఒక పొద్దు నన్ను యాడికో తీసకపోయినారు. మునిరత్నమేనా అంటే ఆ అన్నాను. కడుపుకు మందు పూసినారు. ఒక నర్సుపాప మా నాయన పేరడిగి, ఈయన కాదు అనింది. రిహార్సలని చెప్తా ఉండారు. అయ్యుండొచ్చు. కానీ ఆడుండే ఆయన పేరు కూడా మునిరత్నమే. ఆయనకు ఆ పొద్దు జరగాల్సింది జరగలేదంట. నాకు ఒకటే తెలుసుకోవాలనుండాది. నా తల బాగుండాదా, లేదా?"

డాక్టరమ్మ వెనక్కి తిరగలేదు, ఎవర్నీ నిలదీయలేదు. నన్నే చూస్తూ ఉండిపోయింది.

హేమ ముందుకు వచ్చింది. "తల బాగుండాదన్నా" అంది నాతో. తర్వాత డాక్టరమ్మతో చెప్పింది. "జరిగింది మేడం. నన్నాపొద్దు ఆ గదిలో డ్యూటీకి ఏసినారు. కడుపు చూస్తే నీళ్లున్నట్టు లేదు, చేతికి పట్టీ లేదు. అందుకని నాయన పేరడిగినాను. కాయితంలో ఉండే నాయన పేరు వేరే. డాక్టరు రాకముందే వెనక్కి పంపించేసినాను. ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు."

నాణ్యత మేడం ముఖం తెల్లబోయింది. మా డాక్టరు నుదురు రుద్దుకున్నాడు. ఈ సంగతి ఆయనకు అప్పటిదాకా తెలియదనిపించింది, ఆ ముఖం చూస్తే.

"పేరు నువ్వు చెప్పి అవునా అని అడగకూడదు. ఆయన చేత చెప్పించాలి. నువ్వు అదే చేశావు" అంది డాక్టరమ్మ హేమతో. మేడం వైపు తిరిగి, "తప్పు జరిగే దాకా వచ్చి ఆగింది. అది మీరు మాకు చెప్పాల్సింది, దాచాల్సింది కాదు. వాళ్లకు చెప్పారా?" అని రాజమ్మ మంచం వైపు చూపించింది.

చెప్పలేదు.

ఆ సాయంత్రం చెప్పారు. మా డాక్టరూ నాణ్యత మేడమూ రాజమ్మ మొగుడి మంచం పక్కన కూర్చుని, ఆయన బదులు నన్ను తీసుకుపోయినందువల్లే ఆలస్యమైందని చెప్పి, తప్పయిందన్నారు. ఆమె గొంతు వార్డంతా వినిపించింది. "ఊపిరాడక ఆయన రాత్రంతా కూకోనుంటే, ఎందుకో చెప్పేదానికి మీకు నోరు రాలేదా?" తర్వాత ఆమె మాకేసి కూడా చూసింది. మాకు తెలిసీ ఆమెకు చెప్పలేదనుకుంది. ఆ పూట సంగటి డబ్బా రాలేదు. సుగుణ వెళ్లి ఏం చెప్పిందో తెలియదు. మరుసటి పొద్దున మాత్రం రాజమ్మ వచ్చి నా మంచం దగ్గర నిలబడి, "నువ్వు అడగకుంటే మాకు తెలిసేదే కాదు" అని వెళ్లిపోయింది.

నాణ్యత మేడం కూడా వచ్చింది, మేము ఇంటికి బయలుదేరే ముందు. "నేను భయపడ్డానండీ" అంది. "ఇంత కష్టపడ్డాక ఇదొక్కటి బయటపడితే అంతా పోతుందనుకున్నాను." ఆమె కోసం బాధపడాలో, నా కోసం బాధపడాలో ఇప్పటికీ సరిగా తెలియదు. "నువ్వైనా కొంచెం నిద్రపో తల్లీ" అన్నాను.

జూన్

ఆ బీపీ మాత్ర మార్చారు. నీళ్లకు కొలత ఇప్పుడు లేదు. గోడౌన్‌లో సగం పూట పని చేస్తున్నాను. సంఖ్యలు చూస్తే ఒక్కోసారి రెండుసార్లు సరిచూసుకుంటాను. సరిగానే ఉంటున్నాయి.

తిరిగి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు హేమ అవుట్‌పేషెంట్ వైపు కనిపించింది. ఆమెను వార్డు నుంచి అక్కడికి మార్చారట. "శిక్షా, మేలా?" అని అడిగాను. "నాకూ తెలీలేదన్నా. ఇంటికి మాత్రం పొద్దుతోనే పోతా ఉండాను" అంది. ఆసుపత్రికి గుర్తింపు ఇంకా రాలేదట. కొన్ని సరిదిద్దమన్నారట, మళ్లీ వస్తారట. గుర్తింపు వస్తే బాగుండునని నాకు నిజంగానే అనిపించింది. రాకపోయినా మళ్లీ జబ్బు చేస్తే అక్కడికే పోతానని కూడా అనిపించింది. ఈ రెండూ ఎలా కుదురుతాయో అడగకండి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సుగుణ నా పక్కన కూర్చుంది. బస్సు కదిలాక అడిగాను. "ఆ పొద్దు ఆ డాక్టరమ్మ ముందర నేను నోరు తెరిస్తే నీకు కోపమొచ్చిందా?"

"బయమేసింది" అంది. "అంతలోనే సంతోషమేసింది."

"సంతోషమెందుకు?"

"అన్నిరోజులు ఏమడిగినా ఆ, ఆ అంటానే ఉంటివి. నాకు ఈయన యాడికి పోయినాడో అని బుగులు. ఆ పొద్దు అంతమంది ముందర నాకు తెలీదు అనినావు సూడు. మా ఇంటాయన వచ్చేసినాడనుకున్నా."

చెయ్యి చాపింది. పట్టుకున్నాను.